తుంగభద్ర: రెండు గట్లు, మూడు కొలువులు

పశ్చిమ కనుమల్లోని గంగామూల దగ్గర తుంగ, భద్ర విడివిడిగా పుడతాయి. తుంగ శృంగేరిని చుట్టి వస్తుంది, భద్ర భద్రావతి మీదుగా దిగుతుంది. షిమోగాకు దిగువన కూడ్లి దగ్గర రెండూ ఒకటవుతాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చేదాకా, కూడ్లి వరకూ నీళ్లు ఒక్క ప్రభువువే, మైసూరు ఒడయార్లవి. భద్రావతి ఇనుము కర్మాగారం నాల్వడి కృష్ణరాజ ఒడయార్ కాలంలో 1923లో పని మొదలుపెట్టింది. దాన్ని తలపెట్టినవాడు 1912 నుంచి 1918 దాకా దివానుగా ఉన్న విశ్వేశ్వరయ్య. ఆయన పూర్వీకుల ఊరు మన ఆంధ్రలోని మోక్షగుండం.

ఎగువన ఉన్నా మైసూరుకు నది మీద పూర్తి స్వేచ్ఛ లేదు. 1892లో, శేషాద్రి అయ్యర్ దివానుగా ఉన్నప్పుడు, మద్రాసు ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం పేర్కొన్న నదుల మీద మైసూరు కొత్త ఆనకట్ట కట్టాలంటే ముందుగా మద్రాసు సమ్మతి తీసుకోవాలి. ఆ జాబితాలో తుంగభద్ర కూడా ఉంది.

హరిహర్ దాటి హోస్పేట వైపు వచ్చేసరికి ఆ రోజుల్లో నది సరిహద్దుగా మారేది. ఎడమ గట్టు నిజాముది, కుడి గట్టు మద్రాసుది. విజయనగర రాజుల పాత రాజధాని కూడా ఇలాగే రెండుగా చీలింది: హంపి ఇంగ్లీషువారి కింద, ఎదురుగా ఆనెగొంది నిజాం కింద.

నిజానికి ఒకప్పుడు ఇక్కడ రెండు గట్లూ నిజామువే. నిజాం అలీఖాన్ 1800లో, తన రాజ్యంలో ఉండే కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప సీమలను రాసిచ్చాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చింది. ఎడమ గట్టు కూడా అదే దారి పట్టింది. హైదరాబాదు కంటింజెంట్ సైన్యం జీతాల బాకీ తీర్చలేక 1853లో బేరారుతో పాటు కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు సీమను కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. సంతకాలైన కొద్ది రోజులకే దివాన్ సిరాజుల్ ముల్క్ కన్నుమూశాడు. ఆయన స్థానంలోకి సోదరుడి కొడుకు, ఇరవై నాలుగేళ్ల సాలార్ జంగ్ వచ్చాడు. 1857 తిరుగుబాటులో ఆ దివాను హైదరాబాదును ఇంగ్లీషువారి పక్షానే నిలబెట్టాడు. దానికి ప్రతిఫలంగా 1860లో రాయచూరు తిరిగి వచ్చింది, బేరారు రాలేదు. ఎడమ గట్టున ఉన్న కొప్పళ సాలార్ జంగ్ కుటుంబానికే జాగీరు.

గట్ల కోసం ఇంత బేరం జరిగినా నీటిని పట్టించుకున్నవారు తక్కువ. 1876-78 కరువులో బళ్లారి, కర్నూలు సీమల్లో జనం ఆకలికి రాలిపోతుంటే నది పక్కనే పారుతూ పోయింది. ఇక్కడ నీళ్లు నిలవ చేయాలని ఆర్థర్ కాటన్ 1860 నాడే చెప్పాడు. ఆ మాట 1944 దాకా ఒప్పందం కాలేదు. ఆ ఏడాది మద్రాసు, హైదరాబాదు చెరి 65 టీఎంసీలు తీసుకునేలా రాజీ పడ్డాయి. హైదరాబాదుకు మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభువు, ఛతారీ నవాబు ప్రధాని. మద్రాసులో 1939లో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేశాక గవర్నరే పాలిస్తున్నాడు. అంటే ఆ నీళ్లు పంచినవారిలో రైతులు ఎన్నుకున్నవాడు ఒక్కడూ లేడు. 1945 ఫిబ్రవరి 28న ఎడమ గట్టున బేరారు యువరాజు అన్న బిరుదున్న నిజాం కొడుకు, కుడి గట్టున గవర్నర్ ఆర్థర్ హోప్ శంకుస్థాపన చేశారు. 1953లో నీళ్లు నిలిచాయి.

దిగువన రాజోలిబండ ఆనకట్ట ఎడమ కొస నేడు కర్ణాటకలో, కుడి కొస ఆంధ్రలో ఉన్నాయి. కాలువ పారాల్సింది తెలంగాణలోని అలంపురం వైపు. అందుకే ఆ కాలువ నీళ్ల తగవు ఏళ్ల తరబడి తెగలేదు. సుంకేసుల దాటితే కర్నూలు. అక్కడి నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు పోగుచేశాడంటూ కంపెనీ 1839లో ఆయన్ని గద్దె దించింది. ఎదుటి వైపు నడిగడ్డ, నిజాముకు కప్పం కట్టిన గద్వాల సంస్థానం. అలంపురం దాటాక గొందిమళ్ల దగ్గర తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది.

సైన్యం ఖర్చుకు గట్లు పోగొట్టుకున్న కొలువూ, వాటిని తీసుకున్న కొలువూ చివరకు ఒక కాగితం ముందు కూర్చుని డ్యాం కట్టించాయి. మొదట సుమారు 133 టీఎంసీలు పట్టిన ఆ జలాశయం పూడికతో ఇప్పుడు 105 టీఎంసీల దగ్గరకు వచ్చింది. 2024 ఆగస్టులో పందొమ్మిదో గేటు కొట్టుకుపోయింది. పోయిన నీటిలో మూడు రాష్ట్రాల వాటా ఉంది. ఓటుతో రాని ప్రధాని, గవర్నరు కూర్చోగలిగిన చోట, రైతుల ఓట్లతో గెలిచిన ముగ్గురు ముఖ్యమంత్రులు కూర్చోకపోవడానికి సాకు లేదు.