ఇసుక మీది కుర్సురా

విశాఖపట్నం వెళ్లినవాళ్లు రామకృష్ణా బీచి చూడకుండా రారు. ఆ బీచికి వెళ్లినవాళ్లు ఇసుకమీద నిలిపి ఉంచిన జలాంతర్గామి కుర్సురాను చూడకుండా రాకూడదు. మొన్న సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లాను.

91 మీటర్ల పొడవు. లోపల మాత్రం రైలుపెట్టెకన్న ఇరుకు. గుండ్రని ద్వారాల్లోంచి ముందు కాలు పెట్టి, తర్వాత తల దూర్చాలి. ఇందులో 75 మంది కాపురం చేశారట!

"మరి స్నానమో?" అంది మా అమ్మాయి.

"తాగే నీళ్లకే లెక్కమ్మా!" అన్నాడు చూపించే ఆయన. ఆయనా నావికాదళంలో పనిచేసి రిటైరైనవాడే.

"ఇది మనం కట్టిందేనా?" అన్నాడు మా అబ్బాయి.

"కాదు బాబూ, రష్యావాళ్లు కట్టి ఇచ్చింది."

వాడి ముఖం చిన్నబోయింది. నిజమే మరి. జెండా ఒక్క రాత్రిలో మారుతుంది గాని, నౌకాదళం ఒక్క రాత్రిలో తయారవుతుందా? సైన్యానికి 1949లో కరియప్ప, వైమానిక దళానికి 1954లో సుబ్రతో ముఖర్జీ అధిపతులైనారు. నౌకాదళం మాత్రం 1958 ఏప్రిల్ 22 దాకా ఇంగ్లీషు దొరల చేతిలోనే ఉండిపోయింది. అంత పెద్ద పదవికి చాలినంత అనుభవం మనవాళ్లకు రానిచ్చారా ఆ దొరలు! ఆనాడు పగ్గాలందుకున్న తొలి భారతీయుడు, మన హైదరాబాదులో పెరిగిన రామదాస్ కటారి.

1965లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. మన నావికులు అక్కడికి వెళ్లి, రష్యన్ భాషతో సహా పని నేర్చుకున్నారు. 1968 మార్చి 1న తూర్పు నౌకాదళ కమాండ్ విశాఖలో ఏర్పడింది. 1969 డిసెంబరు 18న రీగా రేవులో కుర్సురా మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో గస్తీ తిరిగింది.

అరువు సొమ్ము బరువు చేటు అంటారు. కొన్న ఓడకూ కష్టాలున్నాయి. 1980లో దీన్ని కట్టిపడేసి, దీని విడిభాగాలు తీసి తోటి జలాంతర్గాములకు అమర్చవలసి వచ్చింది. తర్వాత మరమ్మతులు చేసి మళ్లీ నీళ్లలోకి పంపారు. 2001లో విశ్రాంతి ఇచ్చి, 2002లో ఇక్కడ ప్రదర్శనకు పెట్టారు.

బయటికొచ్చి మురీ మిక్చరు కొనుక్కున్నాం. అప్పుడు వాడికి చెప్పాను: "2009లో ఈ ఊళ్లోనే అణుశక్తితో నడిచే అరిహంత్‌ను కట్టి నీట దింపారురా. రష్యా నిపుణుల సాయం ఉన్నా, కట్టింది ఇక్కడే."

"అయితే, కొన్నదాంతో ముందు పని నేర్చుకున్నారన్నమాట!"

"నలభై ఏళ్లు పట్టింది నాన్నా!"

వాడు పొట్లం పట్టుకుని వెనక్కి తిరిగి, కుర్సురాను మళ్లీ ఒకసారి చూశాడు. ఈసారి ముఖం చిన్నబోలేదు.