ఆ సందు ఉండాల్సిందే

అమెరికాలో కొత్తిల్లు కట్టించుకునే మనవాళ్లు, బయటి గోడకు కొట్టిన ఓఎస్‌బీ షీట్ల మధ్య సందు కనిపిస్తే పనితనం లోపమనుకోవద్దు. సందు లేకపోతేనే భయపడాలి. ఓఎస్‌బీ అంటే చెక్క పేళ్లను జిగురుతో అదిమి చేసిన షీటు. వానకో, గాలిలో తేమకో ఉబ్బుతుంది. జరగడానికి చోటు లేకపోతే పొంగి, గోడంతా ఎగుడుదిగుడవుతుంది. అందుకే తయారీదారుల సంఘం ఏపీఏ అంగుళంలో 8వ వంతు, అంటే సుమారు 3 మిల్లీమీటర్లు వదలమంటుంది. 10డి బాక్స్ మేకు మందం దాదాపు అంతే, మధ్యలో పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

మరి గాలీ నీళ్లూ దూరవా అంటే, వాటిని ఆపాల్సింది పైన చుట్టే హౌస్‌ర్యాప్. ఇక బలమంటారా, అది షీటును స్టడ్లకు, అంటే గోడలోని నిలువు చెక్కలకు, పట్టి ఉంచే మేకుల్లో ఉంది, అంచులు ఆనుకోవడంలో కాదు. బయటి తొడుగు, అంటే సైడింగ్, పడ్డాక ఇవేవీ కనబడవు, ముందే చూసుకోండి.

మీ ఇంటికి ఎంత వదిలారు?