వీలునామా నిలబెట్టిన కుర్రాడు

వదినగారూ, పేపర్లో నోబెల్ బహుమతుల సంగతి చూశారా?

"చూశాను. గాంధీగారికివ్వని బహుమతి ఏం బహుమతండీ!" అంటారా? నా బాధా అదే. 1937 నుంచి ఐదుసార్లు ఆయన పేరు వెళ్లింది. 1948లో ఆయన పోయిన ఏడు, బతికున్నవాళ్లలో తగినవారు లేరని శాంతి బహుమతి ఎవరికీ ఇవ్వలేదు. ఆ లోటు ఇక తీరేది కాదు. కానీ వదినగారూ, అసలా బహుమతే పుట్టకుండా పోవలసింది, తెలుసా? రాత్రి మా అమ్మాయి చెప్పింది.

డైనమైటుతో బోలెడు గడించిన నోబెల్‌కి పెళ్లీ పిల్లలూ లేరు. 1895 నవంబరు 27న పారిస్‌లో, ప్లీడరు సాయం లేకుండా, సొంత దస్తూరీతో వీలునామా రాశాడు. ఆస్తి మీద వచ్చే రాబడి ఏటా లోకానికి మేలు చేసినవాళ్లకి పంచమన్నాడు. మరుసటి ఏడు డిసెంబరు 10న ఇటలీలో పోయాడు. ఇప్పటికీ ఆ రోజే బహుమతులిస్తారు.

వీలునామా చదివిచూస్తే, అమలు చేయాల్సిన ఇద్దరిలో ఒకడు రాగ్నర్ సోల్మన్, ఆయన దగ్గర పనిచేసిన కుర్రాడు. 26 ఏళ్లు! ముందుగా ఒక్క మాటా చెప్పలేదట పాపం. చుట్టాలు కొందరు అడ్డం తిరిగారు. స్వీడన్ డబ్బు పరాయివాళ్లకెందుకని రాజుగారికీ నచ్చలేదు. వ్యవహారం ఫ్రాన్సు కోర్టుకెక్కితే డబ్బంతా అక్కడే చిక్కుపడుతుందని కుర్రాడి భయం. పారిస్ బ్యాంకుల్లోంచి బాండ్లు తీసుకుని, గుర్రబ్బండిలో పెట్టుకుని, నిండా తూటాలున్న రివాల్వరు పట్టుకుని కూర్చుని స్వీడన్ కాన్సలేటుకి చేర్చాడు. అక్కడ కట్టలు కట్టి, సీళ్లు వేసి, రైలుకెక్కించి దేశం దాటించాడు. బీమా రోజుకింత వరకేనన్నారు గనక ఒక్కసారిగా కాదు, విడతలు విడతలుగా. ఎంత గుండె నిబ్బరం కావాలండీ!

నోబెల్ అన్నగారి కొడుకు ఎమాన్యుయేల్ని కూడా చెప్పుకోవాలి. రాజుగారే పిలిచి చెప్పినా, బాబాయి మాట తప్పనన్నాడు. ఆస్తి చేజారుతోందని తెలిసీ అన్నాడు, అదీ గొప్ప. అలా తగువులు తీరి 1901లో మొదటి బహుమతులిచ్చారు. మేరీ క్యూరీ, మన రామన్‌గారు, అందరూ ఆ తర్వాతే కదా!

సోల్మన్ తర్వాత్తర్వాత ఆ నోబెల్ సంస్థకే పెద్దయి చాలా ఏళ్లు నడిపాడు. ఈ కథంతా పుస్తకంగా కూడా రాశాడట. ఎక్కడైనా దొరికితే తెప్పించమన్నాను. నేను చదవగానే మీకే ఇస్తాను.