సున్నా ఆకారంలో నడిచినవాళ్లు



ఈ వారం ఒక ఆట గురించి రాస్తున్నాను. మన ప్రార్థన మందిరంలో పెరిగి ఇప్పుడు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో పనిచేస్తున్న తమ్ముడొకడు ఆదివారం రాత్రిళ్లు నాకు ఫోన్ చేస్తుంటాడు. మనకు రాత్రి అయితే వాళ్లకు ఉదయం. మొన్న మాట్లాడుతూ, "అయ్యగారూ, ఈ ఊరివాళ్లు ఎప్పుడూ ఓడిపోయే జట్టుకోసం ప్రాణం పెడతారండీ, నాకేమీ అర్థం కావట్లేదు" అన్నాడు. ఆ ఊరు క్లీవ్‌ల్యాండ్. ఆ జట్టు పేరు బ్రౌన్స్. ఆ మాట నన్ను వదలలేదు. ఆ జట్టు గురించి దొరికినదంతా చదివాను.

ముందుగా ఒక మాట. వాళ్లు ఫుట్‌బాల్ అనేది మనం కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డులా కోలగా ఉన్న బంతిని చేత పట్టుకుని, ఎదుటివాళ్లను తప్పించుకుంటూ చివరి గీత దాటించాలి. వారానికి ఒక్కటే ఆట. అందుకే ఒక్క ఓటమి వారమంతా ఊరిమీద మబ్బులా ఉంటుంది.

బ్రౌన్స్ మొదటినుంచీ ఓడిన జట్టు కాదు. 1964లో దేశానికే విజేతలు. ఆ తరువాత ఇన్నేళ్లలో సూపర్ బౌల్ అనే ఆఖరి పోటీకి ఒక్కసారి కూడా చేరలేదు. చేరినట్టే చేరి జారిపోయారు. 1987 జనవరిలో ఆ పోటీ గడపదాకా వచ్చారు. ఇంకా ఐదున్నర నిమిషాలే ఉన్నాయి, బ్రౌన్స్ ముందంజలో ఉన్నారు. డెన్వర్ జట్టు 98 గజాల దూరంలో ఉంది. జాన్ ఎల్వే అనే యువకుడు ఆ 98 గజాలూ తన జట్టును నడిపించి, 37 సెకన్లు మిగిలి ఉండగా స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలో డెన్వర్ గెలిచింది.

మరుసటి సంవత్సరం మళ్లీ అదే డెన్వర్, మళ్లీ అదే గడప. ఈసారి ఎర్నెస్ట్ బైనర్ అనే ఆటగాడు స్కోరు సమం చేయబోతూ గీతకు రెండు మూడు గజాల దూరంలో బంతి జారవిడిచాడు. ఆ ఊళ్లో ఈ రెండు ఆటలకూ పేర్లున్నాయి. మన పెద్దవాళ్లు ఫలానా తుఫాను ఏడు అని గుర్తు పెట్టుకున్నట్టు, వాళ్లు "ది డ్రైవ్", "ది ఫంబుల్" అంటారు.

బైనర్ సంగతి చదువుతుంటే నా మనసు కలుక్కుమంది. ఆ రోజు జట్టు సగం ఆట అయ్యేసరికి 21-3తో వెనకబడి ఉంది. దాన్ని పైకి లేపినవాళ్లలో అతడే ముఖ్యుడు. ఆ ఒక్క ఆటలోనే రెండుసార్లు గీత దాటాడు. అతడు లేకపోతే ఆ చివరి నిమిషానికి ఆశే ఉండేది కాదు. కానీ జనం గుర్తుపెట్టుకున్నది చేయి జారిన ఆ ఒక్క క్షణాన్నే. మనమూ అంతే కదా! ఇరవై ఏళ్లు ఇంటిని మోసిన మనిషి ఒక్క ఏడు మిర్చి ధర పడిపోయి అప్పులపాలైతే, ఆ ఇరవై ఏళ్లు మరచిపోయి "వాడా, అప్పులవాడు" అంటాం.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ మైదానంలో తగలలేదు. 1995 నవంబరులో యజమాని ఆర్ట్ మోడెల్ జట్టును బాల్టిమోర్ నగరానికి తరలిస్తున్నానని ప్రకటించాడు. వారాల తరబడి నిండిన ఆ స్టేడియం ఒక్క మాటతో ఖాళీ కాబోతోంది. డిసెంబరు 17న సొంత ఊళ్లో ఆఖరి ఆట. గెలిచారు. డెన్వర్ ఆట తరువాత వేరే జట్టుకు వెళ్లి తిరిగి వచ్చిన బైనర్ ఆ రోజు వంద గజాలకు పైగా పరుగెత్తాడు. ఆట అయ్యాక ఆటగాళ్లు అభిమానుల దగ్గరికి వెళ్లి వాళ్లను కౌగిలించుకున్నారు.

ప్రియులారా, ఇక్కడ కాస్త ఆగండి. ఆ ఊరు "యజమాని వెళ్లాడు, కథ అయిపోయింది" అనలేదు. నగరం కోర్టుకెక్కింది. అభిమానులు ఊరుకోలేదు. చివరికి ఒప్పందం కుదిరింది. ఆటగాళ్లు వెళ్లొచ్చు, పేరు, రంగులు, పాత చరిత్ర మాత్రం క్లీవ్‌ల్యాండ్‌వే. మూడేళ్లు జట్టే లేదు. 1999లో అదే పేరుతో కొత్త జట్టు వచ్చింది. అక్కడికి తరలిపోయిన జట్టేమో 2001 జనవరిలో సూపర్ బౌల్ గెలిచింది. ఆ రోజు క్లీవ్‌ల్యాండ్‌లో టీవీల ముందు కూర్చున్నవాళ్ల గుండె ఎలా ఉండి ఉంటుందో ఊహించండి.

ఇది చదివాక కాపరిగా నాకు నేను ఒకటి చెప్పుకున్నాను. సంఘం కాపరి సొత్తు కాదు. మీ నమ్మకత్వం నామీద ఉండకూడదు. రేపు నేను లేకపోయినా, ఈ రేకుల కప్పు లేకపోయినా, మీరు ఒకరికొకరు మిగలాలి. మనిషి పోయినా పోనివి మీ మధ్య ఉండాలి.

కొత్త జట్టుతో కష్టాలు తీరలేదు. 2016లో పదహారు ఆటల్లో ఒక్కటే గెలిచారు. 2017లో పదహారూ ఓడారు. అప్పుడు, 2018 జనవరి 6న, ఎముకలు కొరికే చలిలో మూడు వేలమంది దాకా అభిమానులు స్టేడియం చుట్టూ ఊరేగింపు చేశారు. చుట్టూ తిరిగితే సున్నా ఆకారం వస్తుంది కదా! దానికి "పర్ఫెక్ట్ సీజన్ పరేడ్" అని పేరు పెట్టుకున్నారు. పేదల ఆహార నిధికి విరాళాలు కూడా పోగుచేశారు. కొందరు ఆటగాళ్లకు అది అవమానంగా తోచింది. వాళ్ల బాధా న్యాయమైనదే.

అంతకు ఏడాదిన్నర ముందు అదే ఊళ్లో ఇంకో ఊరేగింపు జరిగింది. 2016 జూన్‌లో బాస్కెట్‌బాల్ జట్టు కావలియర్స్ గెలిచి, 52 ఏళ్లుగా ఏ పెద్ద విజయమూ ఎరుగని ఆ ఊరి కరువు తీర్చింది. అప్పుడు వీధుల్లోకి వచ్చినవాళ్లు పదమూడు లక్షలని అంచనా. ఊరి జనాభాయే నాలుగు లక్షల లోపు! గెలుపుకు లక్షలు, సున్నాకు మూడు వేలు.

లక్షలమందిని నేను తప్పుపట్టను. ఆనందించేవారితో ఆనందించడం మంచిదే. కానీ ఆ మూడు వేలమంది రెండు పనులు కలిపి చేశారు. మనకు ఆ రెండూ కలిపి చేయడం కష్టం. ఓటమిని ఓటమి అన్నారు, సున్నాను సున్నా అని అట్టమీద రాసి ఎత్తి పట్టుకున్నారు. అయినా వదిలిపోలేదు. మనలో కొందరం వదలకుండా ఉంటాం గానీ "అంతా బాగానే ఉంది" అని అబద్ధమాడతాం. కొందరం నిజం చెబుతాం గానీ చెప్పి వెళ్లిపోతాం.

నయోమి భర్తను, ఇద్దరు కొడుకులను పోగొట్టుకుని బేత్లెహేముకు బయలుదేరినప్పుడు ఆమె చేతిలో ఏముంది? తాను రిక్తురాలినని ఊరందరి ముందు ఆమే ఒప్పుకుంది. రూతు ఆమె దుఃఖాన్ని కాదనలేదు, సర్దిచెప్పలేదు. పక్కన నడిచింది. వెనుదిరిగిన ఓర్పాను కూడా ఆ గ్రంథం నిందించదు. మన మందిరం విడిచి పట్నంలోని పెద్ద ఆరాధనలకు వెళ్తున్న కుటుంబాలను మనమూ నిందించవద్దు. ఎదురుపడితే నవ్వుతూ పలకరించండి.

కానీ ఉన్నవాళ్లం ఒక పని చేద్దాం. ఈ వారం మీ వీధిలో సున్నా వచ్చిన ఇల్లు ఏదో మీకు తెలుసు. ఇంటర్ తప్పి గడప దాటని పిల్లవాడు, కౌలు చెల్లించలేక తలదించుకున్న రైతు, కాపురం నిలవక పుట్టింటికి వచ్చిన చెల్లి. వాళ్లకు సలహాలు వద్దు. "ఏం పరవాలేదు" అనీ అనొద్దు. వెళ్లి కాసేపు కూర్చోండి, వాళ్లతోపాటు మందిరానికి నడిచి రండి.

ఆ జట్టు చివరికి గెలిచిందా అని అడుగుతారేమో. 2018 సెప్టెంబరు 20న, 635 రోజుల తరువాత ఒక ఆట గెలిచారు. కప్పు కాదు, ఒక్క ఆట. సూపర్ బౌల్ ఇంకా కలే. మన తమ్ముడు ఈసారి నారింజ రంగు టోపీ కొన్నాడట. "ఎందుకయ్యా?" అంటే, "వీళ్ల మధ్యలోనే కదండీ బతుకుతున్నాను" అన్నాడు.

ప్రభువు మన సంఘానికి అలాంటి మనసు దయచేయును గాక. ఆమేన్.