ఆస్పత్రి సంచి

37వ వారం స్కాన్‌లో బిడ్డ తల ఇంకా పైనే ఉందని తేలేసరికి, మా ఇంట్లో ఆస్పత్రి సంచి సర్దడం అయిపోయింది. షీట్ నాదే. మూడు ట్యాబులు: బిడ్డకి, నాకు, కాగితాలకి. ప్రతి వస్తువు పక్కన కొన్నామా, ఉతికామా, సంచిలో పెట్టామా అని మూడు గళ్లు. పదేళ్లుగా రిలీజులకి చెక్‌లిస్టులు రాసుకుంటూ బతుకుతున్న మనిషికి పురుడు కూడా ఇంకో రిలీజులాగే కనిపిస్తుంది కాబోలు.

డాక్టరుగారు ఇంకో వారం చూసి, "ఇది తిరిగేలా లేదమ్మా, ఆపరేషన్‌కి డేట్ ఇచ్చేస్తాను" అన్నారు. ఆ సాయంత్రం ఖమ్మం ఫోన్ చేస్తే అమ్మమ్మ లైన్లోకి వచ్చింది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు కాలితో తంతే నడుం పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. "కోసి తీస్తే అది ఎదురుకాళ్ల లెక్కలోకి వస్తుందంటావా?" అని ఆవిడ సందేహం. ఎనభై ఏళ్ల నడుం కదా, ఆవిడ స్వార్థం ఆవిడది. మావయ్యగారి సందేహం వేరు: ఆ రోజు నక్షత్రమేంటి, తొమ్మిదిలోపు అయిపోతుందా అని. "ఏడున్నరకి నా మొదటి కేసు, అదే ముహూర్తం" అన్నారు డాక్టరుగారు. ఆ చర్చ అక్కడితో ముగిసింది.

నార్మల్ డెలివరీకని సర్దిన సంచి దీనికి సరిపోతుందా అని రాత్రి షీట్ తెరిచి కూర్చున్నాను. బిడ్డ ట్యాబులో 34 వరసలున్నాయి. నా ట్యాబులో తొమ్మిది. ఆ తొమ్మిదిలో కూడా పాలిచ్చే బ్రాలు, ముందు జిప్పున్న నైటీలు, పాలు కారకుండా పెట్టుకునే ప్యాడ్లు బిడ్డ లెక్కలోవే. అవి తీసేస్తే నాకంటూ మిగిలినవి టూత్‌బ్రష్షు, దువ్వెన, ఛార్జరు, చెప్పులు, ఇంకో రెండు. పొట్ట కోయించుకోబోయే మనిషి కోసం ఆ సంచిలో ఏమీ లేదు.

ఇది నా ఒక్కదాని మతిమరుపైతే ఇంత రాయను. నేను చూసి కాపీ కొట్టిన లిస్టులన్నీ అలాగే ఉన్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తమ్మీద సిజేరియన్ కాన్పులు 21.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. ఇందులో అవసరమైనవెన్ని, అక్కర్లేనివెన్ని అన్నది పెద్ద తగాదా. ఇక్కడ నా గొడవ అది కాదు. నూటికి అరవై మంది కోయించుకునే చోట కూడా సంచి మాత్రం నొప్పులు పడి కనేవాళ్ల కోసమే సర్దుతున్నాం. ప్రభుత్వాస్పత్రుల్లో కన్నవాళ్లకి 2017 నుంచి ఇచ్చిన కేసీఆర్ కిట్ మంచి ఆలోచనే. కానీ బిడ్డకి సబ్బు, నూనె, పౌడరు, దోమతెర పెట్టాక తల్లికి పెట్టింది చీరలు. చీరంటే లంగా, లంగాంటే బొందు. ఆ బొందు సంగతి తర్వాత చెప్తాను.

సాహిత్యం సంగతి కూడా దాదాపు ఇంతే. కొండేపూడి నిర్మల గారి ‘లేబర్ రూం’ చదివినప్పుడు, నొప్పుల గురించి తెలుగులో ఇలా కూడా రాయొచ్చా అని నిర్ఘాంతపోయిన పాఠకుల్లో నేనొకదాన్ని. ఆపరేషన్ థియేటర్ గురించి అలాంటి కవిత నా కంటబడలేదు. వెన్నులో సూది ఇచ్చాక నొప్పి ఉండదు కాబట్టి చెప్పడానికేమీ ఉండదని అనుకుంటాం కాబోలు. "నీకేం, హాయిగా తీసేశారు" అనేస్తాం.

ఆఫీసులో మా టీమ్ సీనియర్ ఒకావిడకి మెసేజ్ పెట్టాను. ఆవిడకి రెండూ ఆపరేషన్లే. పది నిమిషాల్లో ఫోన్ చేసి, ప్రొడక్షన్ ఇష్యూ మీద మాట్లాడే గొంతుతోనే చెప్పింది. నడుం పైదాకా వచ్చే అండర్‌వేర్, నీ సైజు కంటే రెండు సైజులు పెద్దవి, నల్లవి కొను. ఎందుకంటే కోత పొత్తికడుపు కింద అడ్డంగా పడుతుంది, మామూలువాటి ఎలాస్టిక్ సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. (ఆ అడ్డకోతని 1900లో వివరించినాయన ఫన్నెన్‌స్టీల్ అనే జర్మన్ డాక్టర్. ఎలాస్టిక్ సంగతి ఆయనకి తట్టి ఉండదు.) కోసి తీస్తే బ్లీడింగ్ ఉండదనుకోకు, వారాల తరబడి ఉంటుంది, ప్యాడ్లు దండిగా పెట్టుకో. ఒక చిన్న దిండు: దగ్గొచ్చినా, తుమ్మొచ్చినా, ఎవరైనా జోకేసినా పొట్టకి అదిమిపెట్టుకోవాలి. థియేటర్లోంచి రాగానే వణుకు రావచ్చు, మేజోళ్లు. తల ఎత్తకుండా తాగడానికి స్ట్రాలు. మంచం మీదికి అందేంత పొడుగు ఛార్జరు వైరు. "ఇవన్నీ నాకు రెండోసారి తెలిశాయి" అంది.

ఆపరేషన్‌కి మూడు రోజుల ముందు అమ్మ వచ్చింది. వెల్లుల్లి కారం, శొంఠిపొడి, ఉతికి ఆరేసి చదరంగా చింపిన పాత నేత చీర ముక్కలు. పుట్టగానే కొత్తబట్ట వేయకూడదని ఆవిడ పట్టుదల. నా 34 వరసల షాపింగ్‌ని పక్కకి జరిపి ముక్కలన్నీ పైన పెట్టింది. నేను మాట్లాడలేదు, అవి నిజంగానే మెత్తగా ఉన్నాయి. తర్వాత నా నల్లవాటిలో ఒకటి బయటికి తీసి రెండు చేతులతో సాగదీసి చూసింది.

"ఇంతంతవి ఎందుకే?"

చెప్పాను. కాసేపు దాన్ని మడతపెడుతూ, విప్పుతూ కూర్చుంది. "నాది నిలువు" అంది.

నేను ఆపరేషన్‌తోనే పుట్టానని తెలుసు. 1989లో, ఊళ్లో ఆస్పత్రిలో, అర్ధరాత్రి. అంతకుమించి ఎప్పుడూ చెప్పుకోలేదు. బొడ్డు కింద నుంచి నిలువుగా దిగిన ఆ గీత చిన్నప్పుడు చూశాను, అమ్మలందరికీ ఉంటుందనుకున్నాను. ఆ గీతకి అడ్డంగా రోజూ లంగా బొందు బిగించాల్సి వచ్చేదని మాత్రం తట్టలేదు. కుట్టు ఒకచోట చీము పట్టిందట. నాన్న చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టి బొందు కింద దోపుకునేదట. చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ నానమ్మ "మా కోడలు నొప్పులు పడకుండా కంది" అని చెప్తుంటే, ఇంక నొప్పిగా ఉందని ఏ మొహం పెట్టుకుని చెప్పేది?

ఆ రుమాలు నాకు గుర్తుంది. నాకు ఐదారేళ్లు వచ్చాక కూడా దోపుకునేది. అందులో డబ్బులు దాచుకుంటుందనుకునేదాన్ని.

"ఇప్పటికీ ఎండాకాలం దురద పెడుతుంది" అని లేచి, నల్లవన్నీ సంచిలో చీర ముక్కల మీద పెట్టి జిప్పు వేసింది.

ఆపరేషన్ గురించి చెప్పేది తక్కువే. అర్ధరాత్రి నుంచి పస్తు, గాజులు, నెయిల్ పాలిష్ తీసేయడం, వంగి కూర్చోమని వెన్నులో సూది. ఆకుపచ్చ తెర అవతల ఎవరో నా పొట్టలో సొరుగులు వెతుకుతున్నట్టు లాగుడు, తర్వాత ఏడుపు. ఆడపిల్ల, 2.8 కిలోలు. పళ్లు టకటకలాడేంత వణుకొచ్చింది. మేజోళ్లు వేసింది మా ఆయన. మర్నాడు క్యాథెటర్ తీసి నడవమన్నారు. మంచం నుంచి బాత్రూమ్ ఎనిమిది అడుగులు. అమ్మ ఒక చేత్తో నన్నూ, ఒక చేత్తో దిండునీ పట్టుకుంది.

మూడో రోజు చుట్టాలు వచ్చారు. తలుపు దగ్గరే "నార్మలా, సిజేరియనా?" అన్నారు. నాకు జవాబు తయారుగా ఉంది: ఎదురుకాళ్లు కాబట్టి తప్పలేదు, లేకపోతే నార్మలే అయ్యేది, వగైరా. దాదాపు క్షమాపణే. నేను నోరు తెరిచేలోపు అమ్మ, "పొట్ట కోశారండీ. దానికి లేవడం కష్టం, మీరే ఇటు వచ్చి కూర్చోండి" అంది. పెద్దగా అంది. ఆ గొంతు నానమ్మ ముందు ఎప్పుడూ విన్నది కాదు.

నాలుగో రోజు డిశ్చార్జి. సంచి ఇంటికొచ్చాక చూస్తే బిడ్డ ట్యాబులో సగానికి పైగా వస్తువులు లేబుల్ కూడా చింపలేదు. పిల్ల ఆ నాలుగు రోజులూ చీర ముక్కల్లోనే ఉంది. దిండుకి మాత్రం గవదలొచ్చినట్టు ఒక పక్క ఉండ కట్టింది.

నెలన్నర తర్వాత, అమ్మ ఊరెళ్లే ముందు, ఎలాస్టిక్ పట్టీ ఉన్న లంగాలు రెండు ఆర్డర్ చేశాను. పట్టీ వెడల్పుగా ఉంటుంది, బిగించాల్సిన పని లేదు. ఆవిడ వాటిని అటూ ఇటూ తిప్పి, "ఇప్పుడెందుకే ఇవి? ఈ రంగు నా చీరల్లో ఒక్కదానికీ నప్పదు" అంది. రిటర్న్ పెట్టేద్దామని మర్నాడు వెతికితే కనబడలేదు. రెండూ ఆవిడ సంచి అడుగున, వెల్లుల్లి కారం ఖాళీ డబ్బా కింద ఉన్నాయి.