మంచు మీద నాగలి

మంచు మీద జారడానికి డబ్బు ఖర్చు పెట్టి విదేశం వెళ్ళామంటే మీలో కొందరికి నవ్వు వస్తుందని మాకు తెలుసు. మా అమ్మకూ వచ్చింది. నవ్వు ఆగిన తరువాత "తోడెవరు?" అని అడిగింది. తోడెవరూ లేరు. ఇక్కడ "మేము" అని రాస్తున్నా వెళ్ళింది మేమొక్కరమే.

మేము జర్మనీలో ఒక ఆసుపత్రిలో నర్సుగా పని చేస్తున్నాము. జీతంలో సగం ఇంటి అప్పుకు పోతుంది. చలికాలం రాగానే మాతో పనిచేసేవారు ఆల్ప్స్ కొండలకు స్కీయింగుకు వెళ్తారు. రెండు కాళ్ళకు పొడవైన సన్నని పలకలు బిగించుకొని, మంచు కప్పిన కొండవాలు మీద జారుతూ దిగడమే స్కీయింగు. వాళ్ళ మాటలు వినీ వినీ మాకూ ఆశ పుట్టింది. కానీ ఆల్ప్స్ ఖర్చు మాకు అందేది కాదు. తక్కువ ఖర్చుతో నేర్చుకొనే చోటు ఏదని విచారిస్తే, బల్గేరియా దేశంలోని బాన్‌స్కో అనే ఊరు పేరు చెప్పారు. 2025 ఫిబ్రవరిలో ఒక వారం సెలవు పెట్టి బయలుదేరాము.

వెళ్ళేముందు ఒక తోటి నర్సు మాకు మంచిమాట చెప్పింది. "గదిలో పొదుపు చెయ్యి, తిండిలో పొదుపు చెయ్యి, బట్టలు నావి తీసుకుపో. మూడింటిలో మాత్రం పొదుపు వద్దు. మంచు క్రీడలకూ, కొండ మీదనుండి దింపే ఖర్చుకూ వర్తించే బీమా, పాదానికి సరిగ్గా పట్టే బూట్లు, నేర్పే గురువు." విరిగిన కాళ్ళకు కట్టిన కట్లు రోజూ చూసేవాళ్ళం గనుక ఆ మాట మనసుకు పట్టింది. అయినా మూడవదానిలో తప్పాము. ఆ సంగతి ముందు చెబుతాము.

బల్గేరియా రాజధాని సోఫియా నుండి బాన్‌స్కోకు బస్సులో సుమారు మూడు గంటలు. మేము రైలెక్కాము. సెప్టెంవ్రి స్టేషనులో పెద్ద రైలు దిగి నారోగేజి రైలు ఎక్కాలి. పట్టాల మధ్య ఎడం 760 మిల్లీమీటర్లే. దోబ్రినిష్టె దాకా 125 కిలోమీటర్ల ఆ దారి దాటడానికి అయిదు గంటలు పడుతుంది. అడవులు, వాగులు, సొరంగాలు దాటుతూ, మెలికలు తిరుగుతూ 1,267 మీటర్ల ఎత్తున ఉన్న అవ్రామొవో స్టేషనుకు ఎక్కుతుంది. టికెట్టు చూసే ఆయనను "ఇది బాన్‌స్కో పోతుందా?" అని సైగలతో అడిగాము. ఆయన తల అడ్డంగా ఊపాడు. మేము కంగారుగా సంచి తీసుకొని లేచాము. ఎదురుగా ఉన్న ముసలమ్మ నవ్వి మమ్మల్ని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఆ దేశంలో తల అడ్డంగా ఊపితే అవునని, నిలువుగా ఊపితే కాదని అర్థమట!

బాన్‌స్కో పిరిన్ పర్వతాల పాదాన ఉంది. ఆ పర్వతాలలో ఎత్తైన విహ్రెన్ శిఖరం 2,914 మీటర్లు. ఊరిలో రాతి గోడల పాత ఇళ్ళు, సన్నని వీధులు. ఒక ఇంటి మేడ మీద చిన్న గది అద్దెకు తీసుకున్నాము. పొద్దున రొట్టెల కొట్టులో జున్ను పెట్టి కాల్చిన బనిత్సా ఒకటి తిని, మధ్యాహ్నానికి ఒకటి కట్టించుకొనేవాళ్ళం. రాత్రికి చిక్కుడు గింజల చారు, రొట్టె. ఆ ఊరి పెరుగు తింటుంటే మన ఇంటి కుండ పెరుగు గుర్తుకొచ్చింది. పలకలు, బూట్లు అద్దెకు దొరుకుతాయి; కొనే పని లేదు. బూట్లు మూడు జతలు మార్చి చూసిగాని తీసుకోలేదు. అన్నిటికన్నా పెద్ద ఖర్చు కొండ ఎక్కించే లిఫ్టు టికెట్టు. గురువును ఒక్కరికే పెట్టుకుంటే భారం, పదిమందితో కలిసి నేర్చుకుంటే చవక.

ఊరి నుండి తీగ మీద నడిచే డబ్బాలలో ఎక్కించి, సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న బాందెరిష్కా పొల్యానా అనే మైదానంలో దింపుతారు. మొదటి రోజు గురువు మాకు నేర్పింది పడడం. పక్కకు పడాలి, పలకలను వాలుకు అడ్డంగా పెట్టి లేవాలి. తరువాత "రాలో, రాలో" అని అరిచాడు. అర్థం అడిగితే, ఎద్దుల వెనుక వంగి నడిచేవానిలా నటించి చూపాడు. రాలో అంటే వాళ్ళ భాషలో నాగలి! పలకల ముందు కొనలు దగ్గరగా, వెనుక కొనలు ఎడంగా పెట్టి లోపలి అంచులతో మంచును నొక్కితే వేగం తగ్గుతుంది. మడిలో మేడి నొక్కిపట్టిన మా నాన్న రూపం కళ్ళముందు మెదిలింది. వేగం చూసి భయపడి వెనక్కి వాలితే పడతాము, ముందుకు వంగి నొక్కితే నిలుస్తాము. మూడు రోజులలో నీలి గుర్తు వాలు దిగడం వచ్చింది. అక్కడ పచ్చ, నీలి గుర్తులు సులువైన వాలులకు, ఎరుపు కష్టమైన వాటికి, నలుపు మరీ కష్టమైన వాటికి.

నాలుగవ రోజు శుక్రవారం. "ఇక వచ్చింది కదా, గురువు డబ్బు మిగులుద్దాం" అనుకున్నాము. ఎవరో వెళ్తుంటే వారి వెనుకే కుర్చీ లిఫ్టు ఎక్కాము. పైన దిగి చూస్తే ఎర్ర గుర్తు. ఇంతలో మబ్బు కమ్మింది. నాగలి పట్టు దొరకలేదు. రెండుసార్లు పడ్డాము. మూడవసారి ఒక పలక ఊడిపోయి, వాలు మధ్యలో కూలబడ్డాము. కాళ్ళు వణుకుతున్నాయి. ఈ కాలు విరిగితే ఇంటి అప్పు ఎవరు తీరుస్తారు? అమ్మకు ఎవరు కబురు చేస్తారు? ఆ నిమిషంలో ప్రార్థన తప్ప మా నోట మరో మాట రాలేదు.

అప్పుడు తెల్ల మీసాల పెద్దాయన ఒకరు మా పక్కన ఆగాడు. తన పలకలు విప్పి, మాకు కొంచెం పైన మంచులో ఒకదానికొకటి అడ్డంగా పాతాడు. ఇక్కడ మనిషి పడి ఉన్నాడు, జాగ్రత్త అని పైనుండి వచ్చేవారికి అది గుర్తు. కాళ్ళు, మోకాళ్ళు తడిమి చూసి, మమ్మల్ని అంచుకు నడిపించాడు. పైనుండి వచ్చేవారు కింద ఉన్నవారిని కాచుకోవాలి. పడినవారు త్వరగా అంచుకు తప్పుకోవాలి. నడిచి దిగేవారు అంచునే దిగాలి. ఇది స్కీయింగు నియమమని గురువు మొదటి రోజే చెప్పాడు. మేమే మరిచాము.

గంటకు పైగా నడిచాము. పలకలు భుజాన వేసుకొని దిగుతుంటే పొలం నుండి నాగలి మోసుకొచ్చే రైతులా ఉన్నాము. హాయిగా జారుకుంటూ వెళ్ళిపోగలిగిన ఆ పెద్దాయన మా కోసం మెల్లగా, ఆగి ఆగి దిగాడు. ఆఖరి డబ్బా కట్టేసే వేళకు కిందికి చేరాము. డబ్బు ఇవ్వబోతే ఆయన తల నిలువుగా ఊపాడు. ఒప్పుకున్నాడనుకొని ఇంకా చెయ్యి చాచాము. ఆయన నవ్వి మా వేళ్ళు మూసి వెళ్ళిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఊపుకు అర్థం వద్దు అని!

శనివారం బుద్ధిగా డబ్బు కట్టి గురువు దగ్గరికే వెళ్ళాము. ఆ సాయంత్రం నీలి వాలు ఒక్కసారి కూడా పడకుండా దిగాము.

ఆదివారం బాన్‌స్కోలోని సువార్త సంఘానికి వెళ్ళాము. ఆ సంఘం 1868లో ఏర్పడింది; బల్గేరియాలో మొదటి ప్రొటెస్టెంటు సంఘం అదే. భాష తెలియకపోయినా ఆమేన్ తెలిసింది. 1901లో, ఈ ప్రాంతం తురుష్కుల ఏలుబడిలో ఉన్నప్పుడు, ఎలెన్ స్టోన్ అనే అమెరికా మిషనరీని, ఆమెతో ఉన్న కాటెరీనా త్సిల్కా అనే గర్భిణిని ఈ ఊరి నుండి వెళ్తుండగా కొండదారిలో తిరుగుబాటుదారులు ఎత్తుకుపోయారు. ఆ చెరలోనే కాటెరీనాకు ఆడబిడ్డ పుట్టింది. అమెరికాలో ప్రజలు చందాలు వేసుకొన్న సొమ్ము చెల్లించిన తరువాత, 1902 ఫిబ్రవరిలో ముగ్గురూ ప్రాణాలతో బయటపడ్డారు. చలికాలంలో ఆ కొండలలో చంటిబిడ్డతో! మా గంట నడక ఎంతటిదని సిగ్గు కలిగింది.

మీ పిల్లలు విదేశాలలో ఉండి ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే ఆపవద్దు. బీమా, బూట్లు, గురువు ఉన్నాయా అని మాత్రం అడగండి. మేము వెళ్ళినప్పుడు అక్కడ లెవ్ నాణెం చెల్లేది. 2026 జనవరి 1 నుండి యూరో వచ్చింది.

తిరిగి వచ్చాక అమ్మకు ఫోనులో శుక్రవారం సంగతి దాచకుండా చెప్పాము. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగింది: "తోడెవరూ లేరన్నావు కదా, మరి ఆయనెవరు?"