దారిలో బస

కిందటి వేసవిలో మేము అమెరికాలోని డాలస్ నగరమునుండి గ్రాండ్ కాన్యన్ చూడ కారులో బయలుదేరితిమి. పోవుటకే సుమారు 1,000 మైళ్లు. త్రోవలో రెండు రాత్రులు బస చేయవలెను. వెంట అత్తగారును, పిల్లలిద్దరును. రాత్రికి 80 డాలర్లు మించరాదని ముందే నిర్ణయించుకొంటిమి. అందుచే పెద్ద హోటళ్ల జోలికి పోక మోటెళ్లనే వెదకితిమి.

మోటెలనగా మోటారు ప్రయాణికుల సత్రమువంటిది. ఊరక దిగనీయరు, అంతియే భేదము. ఈ పేరు 1925లో కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పోలో వెలసిన బసతో పుట్టినది. గది తలుపు తీసినంతనే ఎదుట కారుండును. మోకాళ్లనొప్పులవారికి క్రింది గది అడిగి పుచ్చుకొన్నచో ఎంతయో సుఖము.

మొదటి రాత్రి న్యూ మెక్సికోలోని టూకమ్‌కారి చేరితిమి. 1926లో ఏర్పడి 1985లో జాబితానుండి తొలగింపబడిన 66వ నెంబరు రాజమార్గమీ యూరి నడుమనుండియే పోయెడిది. ఆనాటి రంగుదీపముల పలకలు నేటికిని కొన్ని వెలుగుచున్నవి. ఒకచోట పలకమీద 55 డాలర్లని యుండెను. లోనికి పోయి అడుగగా పన్ను వేరనిరి. ఈ దేశమున బసలపై పన్ను పెక్కుచోట్ల నూటికి పదికి మించియే యుండును. గది చూపుడనగా, సొమ్ము చెల్లించిన పిదపనే చూపుదుమనిరి. మేము వెనుదిరిగితిమి.

రెండవచోట బల్లవెనుక నొక గుజరాతీ గృహిణి యుండెను. ఈ వ్యాపారమున గుజరాతీలు మెండు. ఆమె మారుమాటాడక తాళపుచెవి చేతికిచ్చెను. అత్తగారు దుప్పటి తొలగించి, పరుపు కుట్లవెంట వ్రేలు పోనిచ్చి, తలవైపు చెక్కసందులు దీపముతో వెదకిరి. మంచములకు మరుగునీళ్లు పోసి నల్లులను చంపిన తరము వారిది. వారి కన్నుగప్పుట నల్లికి సాధ్యమా! అంతదాక పెట్టెలను నేలపై పెట్టనీయక స్నానపుతొట్టిలో నుంచిరి. గదిలో చిన్న శీతలపేటిక యుండుటచే మా పెరుగు చెడలేదు. తెచ్చుకొన్న పులిహోరతో రాత్రి భోజనపు ఖర్చును తప్పినది.

మరునాడు ఫ్లాగ్‌స్టాఫులో మాకు గర్వభంగమైనది. 20 డాలర్లు తక్కువని, తిరిగి ఈయబడని షరతుపై, చూడకయే ముందుగా సొమ్ము కట్టియుంటిమి. గది శుభ్రమే, తలుపు గడియ గట్టిదే. కాని వీధి కావలిప్రక్కనే రైలుపట్టాలు! ఆ యూరిమీదుగా రాత్రింబవళ్లు మైలుపొడవు గూడ్సుబండ్లు పోవును. కిటికీ అద్దములు గడగడలాడెను. పిల్లలు లేచి యేడ్చిరి. కారు నడుపువారమిద్దరమే, ఇద్దరికిని కునుకు పట్టలేదు.

అక్కడినుండి కాన్యన్ 80 మైళ్లు. సగము దారిలో మావారి కన్నులు మూతపడి, కారు ప్రక్కకు జరిగెను. వెనుకనుండి అత్తగారు కేక వేయకున్న ఏమి జరిగియుండునో తలచుకొన్న నేటికిని గుండె దడదడలాడును. చెట్లనీడను కారాపి, గంటన్నరసేపు అందరము నిద్రించితిమి.

మేల్కొనినతోడనే అత్తగారు, "తిరిగి వెళ్లేటప్పుడు నల్లుల సంగతి నేను చూస్తానుగాని, రైలు సంగతి మీరు అడగండి" అనిరి.